క్యారవాన్‌లో చలికాలం: ఎంత చలికి ఏ హీటర్, ఎవరికి ఏది

క్యారవాన్, అంటే లోపలే పడుకుని వండుకునేలా మార్చిన వ్యాన్, చేయించుకునే హైదరాబాదీలు బండి బాడీ కట్టే బిల్డర్‌ని మొదట అడిగేది ఏసీ గురించే. మన ఎండలకి అది సహజం. చలి సంగతి డిసెంబర్‌లో గుర్తొస్తుంది. శంకర్‌పల్లి వైపు ఏదో తోటలో బండి ఆపి పడుకుంటారు, తెల్లవారుజామున వణుకుతో మెలకువ వస్తుంది, తలగడ పక్కన గోడ తడిగా తగులుతుంది. పొద్దున్నే ఫోన్‌లో హీటర్ల కోసం వెతకడం మొదలవుతుంది. డీజిల్ హీటర్, గ్యాస్ హీటర్, ఆయిల్ హీటర్, హాట్ అండ్ కోల్డ్ ఏసీ, పన్నెండు వోల్టుల దుప్పటి, అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. దొరికే సలహాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికాల్లో మంచులో బండి పెట్టుకుని బతికేవాళ్ళ కోసం రాసినవి. మొయినాబాద్‌లో ఉండేవాళ్ళకి అవి డబ్బు దండగ. హిమాలయాల్లోని స్పితి వెళ్ళేవాళ్ళకి అవసరమైన ఎత్తు సంగతి వాటిలో చాలాసార్లు కనిపించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ చుట్టుపక్కల తిరిగేవాళ్ళు బండి మొత్తాన్ని వేడి చేయక్కర్లేదు, పడక వెచ్చగా ఉంటే చాలు. హిమాలయాల్లో చలికాలం గడపాలనుకునేవాళ్ళకి డీజిల్ హీటర్ దాదాపు తప్పనిసరి. ఈ రెండిటి మధ్య ఉన్నవాళ్ళకే ఎంపిక కష్టం.

ముందు తేల్చుకోవాల్సినవి

మీరు నిజంగా పడుకోబోయే అన్నిటికన్నా చల్లని రాత్రి ఏది? దీనికి జవాబు లేకుండా హీటర్ కొనకూడదు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు మామూలుగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటాయి. బేగంపేటలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి నాటి సంగతి. నగరం అంచుల్లో లెక్క వేరు. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లిలో సెంట్రల్ యూనివర్సిటీ చుట్టుపక్కల చలిగాలులు వీచిన రోజుల్లో పది లోపుకి దిగిపోతుంది. క్యారవాన్ ఆపుకోవడానికి ఖాళీ స్థలం దొరికేదీ అలాంటి చోట్లే. కాబట్టి టీవీలో చెప్పే నగరం ఉష్ణోగ్రతలోంచి మూడు నాలుగు డిగ్రీలు తీసేసి లెక్క వేసుకోండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవుల వైపు చలి ముదిరితే 5, 6 డిగ్రీలు. లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరికి వెళ్తుంది. మనాలిలో జనవరి రాత్రులు తరచుగా సున్నాకి దిగువనే. స్పితిలోని కాజాలో, లద్దాఖ్‌లోని లేహ్‌లో మైనస్ పది, పదిహేను అంటే అక్కడివాళ్ళు ఆశ్చర్యపోరు.

రెండోది కరెంటు. ప్లగ్ దొరికే చోట ఆపుతారా, లేక బ్యాటరీ మీదే రాత్రి గడవాలా? వెయ్యి వాట్ల హీటర్‌ని పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా నడిపితే దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది. వంద ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ గంటకల్లా ఖాళీ. లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి కాబట్టి అరగంట కూడా కష్టం. సోలార్ ప్యానెల్ ఉంది కదా అని ధైర్యం చెప్పేవాళ్ళుంటారు. చలి రాత్రిపూట, అప్పటికి ప్యానెల్ పని అయిపోయి ఉంటుంది. పగలంతా నింపుకున్నది బ్యాటరీలో ఎంత పడితే అంతే మిగులుతుంది.

మూడోది తడి. దీన్ని జనం తక్కువ అంచనా వేస్తారు. రాత్రి నిద్రలో ఒక్కొక్కరి ఊపిరి, చెమట కలిపి పావు లీటరుకు పైగా నీరు గాల్లోకి వెళ్తుంది. ఇద్దరు పడుకుంటే అర లీటరు దాటుతుంది. దానికి సాయంత్రం వండిన అన్నం ఆవిరి, ఆరేసిన తువ్వాలు తోడు. ఇదంతా చల్లటి రేకుకి, అద్దాలకి తగిలి నీరవుతుంది, పరుపు కిందకి చేరి బూజు పడుతుంది. కొన్ని హీటర్లు ఈ తడిని తగ్గిస్తాయి, కొన్ని పెంచుతాయి.

నాలుగోది గాలి, అంటే ప్రాణం. ఇంధనం ఏదైనా సరే, మండించిన పొగ బండి బయటికే పోవాలి. లోపలి గాలిని వాడుకుని లోపలికే పొగ వదిలే ఏ హీటరైనా నా దృష్టిలో పోటీలోకే రాదు. కారణం గ్యాస్ హీటర్ దగ్గర చెప్తాను.

మరమ్మతు సంగతి కూడా చూడాలి. నాగ్‌పూర్ దాటాక హీటర్ మొరాయిస్తే ఎవరు బాగుచేస్తారు? ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్‌కి మెకానిక్‌లు కావలసినంత మంది ఉన్నారు. హీటర్ విప్పి చూసినవాళ్ళు కొద్దిమందే.

హీటర్ కన్నా ముందు గోడలు

లోపల ఏ లైనింగూ లేని వ్యాన్ అంటే చక్రాల మీద రేకుల షెడ్డే. ఫోర్స్ ట్రావెలర్ సైజు బండికి గోడలు, పైకప్పు, నేల కలిపి 45 చదరపు మీటర్లు అనుకోండి. బయట 12 డిగ్రీలు, లోపల 20 కావాలంటే ఉత్త రేకుకి దాదాపు రెండు కిలోవాట్ల వేడి కావాలి. అదే బండికి 20 మిల్లీమీటర్ల ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే పొర వేసి, అద్దాలకి మందపాటి తెరలు కడితే 700, 800 వాట్లు సరిపోతాయి. బయట మైనస్ 15 ఉంటే ఇన్సులేషన్ ఉన్న బండికే మూడు కిలోవాట్లు కావాలి, లేని బండిని వేడిగా ఉంచే ప్రయత్నం మానుకోవడం మంచిది. ఇది ఉజ్జాయింపు లెక్కే కానీ హీటర్ సైజు తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఏసీ డక్టులకి చుట్టే నైట్రైల్ రబ్బర్ షీట్, అంటే నల్లగా మెత్తగా ఉండే ఆ స్పాంజి లాంటిది, రేకుకి నేరుగా అతుక్కుంటుంది, తడిని పీల్చదు. రాణిగంజ్‌లో ఇండస్ట్రియల్ సరుకు అమ్మే దుకాణాల్లో అడిగి చూడండి. థర్మాకోల్ చవక, కానీ కుదుపులకి కిరకిరలాడుతుంది, పొడి రాలుతుంది, నిప్పు తగిలితే ప్రమాదం. గ్లాస్ వూల్ ఇంట్లో బాగుంటుంది, బండిలో తడి పట్టి కిందకి జారుతుంది. బిల్డర్ థర్మాకోల్ వేస్తానంటే ఒప్పుకోకండి. ఎండాకాలం ఏసీ ఎంతసేపు తిరగాలో కూడా ఈ షీటే నిర్ణయిస్తుంది కాబట్టి, చలి కోసం పెట్టిన ఖర్చు మే నెలలో కూడా కలిసొస్తుంది.

డ్రైవర్ క్యాబిన్‌ని మర్చిపోతారు. ముందు అద్దం, రెండు తలుపులు కలిపి ఎక్కువ వేడి పోయేది అక్కడినుంచే. క్యాబిన్‌కీ పడక గదికీ మధ్య బరువైన తెర ఒకటి కట్టండి. నా ఓటు గొంగడికి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన అసలు గొంగడి గరుకుగా ఉంటుంది కాబట్టి ఒంటి మీద వేసుకోవడానికి ఇప్పటివాళ్ళు ఇష్టపడరు. తెరగా, పరుపు కింద పరుపుగా మాత్రం దానికి సాటి లేదు. గొల్ల కురుమలు వానలో, చలిలో పొలాల మీద మందలతో రాత్రులు గడిపింది దీంతోనే.

ఖర్చు లేనిది ఇంకొకటి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి బండి పైకప్పు తన వేడిని నేరుగా పైకి వదిలేస్తుంది, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది, అందుకే దాని మీద మంచు పేరుకుంటుంది. పెద్ద చెట్టు కిందో, షెడ్డు కిందో ఆపితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. చెరువు కట్ట కింద, పల్లంలో ఆపకండి, చల్లగాలి అక్కడికే దిగుతుంది.

పడకని మాత్రమే వేడి చేయడం

హైదరాబాద్ చలికి నేను మొదట సూచించేది ఇదే. సింగిల్ ఎలక్ట్రిక్ దుప్పటి సుమారు 60 వాట్లు తింటుంది. పరుపు మీద పరిచి, మీద రజాయి కప్పుకుంటే రాత్రంతా కలిపి అర యూనిట్ లోపే. వంద ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం కూడా అయిపోదు. పన్నెండు వోల్టులతో నేరుగా నడిచేవి తీసుకుంటే ఇన్వర్టర్ నష్టం కూడా ఉండదు. పడుకునే ముందు అరగంట వేసి, వెచ్చబడ్డాక ఆపేస్తే ఖర్చు ఇంకా తక్కువ.

రెండు లీటర్ల హాట్ వాటర్ బ్యాగ్ కూడా తీసిపారేసేది కాదు. ఎలక్ట్రిక్ దుప్పటి గంటసేపు ఇచ్చేంత వేడిని అది తనలో దాచుకుంటుంది, కాళ్ళ దగ్గర పెట్టుకుంటే నిద్ర త్వరగా పడుతుంది. మరిగే నీళ్ళు పోయకూడదు, గుడ్డ చుట్టాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు, పసిపిల్లలు వీటికి రెండింటికీ దూరంగా ఉండాలి. కాలుతున్నా తెలియదు.

ఈ పద్ధతిలో లోటు ఒకటే. రజాయిలోంచి బయటికి వచ్చిన క్షణం చలి. పొద్దున లేచి లాప్‌టాప్ ముందు కూర్చోవాల్సినవాళ్ళకి ఇది ఒక్కటే సరిపోదు. గోడల మీద తడిని కూడా ఇది తగ్గించదు, రాత్రి కిటికీ వేలెడంత తెరిచి ఉంచాల్సిందే.

కరెంటు హీటర్లు

ఆయిల్ హీటర్, ఫ్యాన్ హీటర్, ఎర్రగా వెలిగే రాడ్ హీటర్, ఏదైనా ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒక్కటే. "మాది తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది" అని అమ్మేవాడి మాట నమ్మకండి. తేడా వాడకంలో ఉంటుంది. ఆయిల్ హీటర్ నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, శబ్దం ఉండదు, నిద్రకి బాగుంటుంది. బరువు ఎక్కువ, బండి కదిలేటప్పుడు బెల్టుతో కట్టి పెట్టాలి. ఫ్యాన్ హీటర్ రెండు నిమిషాల్లో వెచ్చబరుస్తుంది, చిన్నది, మోత మోగుతుంది. రాడ్ హీటర్‌ని క్యారవాన్‌లోకి తీసుకురాకండి. మూడడుగుల దూరంలో పరుపు, తెరలు, దుప్పట్లు ఉండే చోట దానికి పని లేదు.

అసలు ఇబ్బంది వైరు దగ్గర. ఫామ్‌హౌస్ వరండాలో ఉండే ఐదు ఆంపియర్ల సాకెట్‌కి సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి రెండు వేల వాట్ల హీటర్ నడిపితే వైరు వేడెక్కి కరుగుతుంది. రెండు వేల వాట్లు అంటే తొమ్మిది ఆంపియర్లు. గీజర్‌కి వాడే పెద్ద సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగ్ తప్పనిసరి. చుట్ట చుట్టి ఉన్న వైరు ఇంకా వేడెక్కుతుంది కాబట్టి పూర్తిగా విప్పి పరచాలి. హీటర్‌ని వెయ్యి వాట్ల దగ్గరే ఉంచుకుంటే మన చలికి ఇన్సులేషన్ ఉన్న బండిలో సరిపోతుంది.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ

హైదరాబాద్‌లో ఉండి, ప్లగ్ దొరికే చోట ఆపేవాళ్ళకి నా మొదటి ఎంపిక ఇది. ఎలాగూ ఏసీ పెట్టించుకుంటారు. అదే డబ్బుకి కాస్త కలిపి చల్లదనం, వేడి రెండూ ఇచ్చే ఇన్వర్టర్ రకం తీసుకుంటే చలికాలానికి వేరే హీటర్ అక్కర్లేదు. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడిపోస్తుంది కాబట్టి, పది డిగ్రీల చలిలో ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఆయిల్ హీటర్ ఎనిమిది యూనిట్లు తినే రాత్రి ఇది రెండున్నర, మూడు యూనిట్లతో గడిపేస్తుంది. రెండు వందల ఆంపియర్ అవర్‌కి పైబడిన లిథియం బ్యాంకు ఉంటే ప్లగ్ లేకుండా కూడా ఒక రాత్రి లాగొచ్చు. మిగతా కరెంటు హీటర్లలో దేనికీ ఈ వీలు లేదు.

సున్నా దగ్గరపడేకొద్దీ బయటి యూనిట్ మీద మంచు గడ్డకడుతుంది, దాన్ని కరిగించుకోవడానికి మధ్యమధ్యలో వేడి ఆపేస్తుంది. లంబసింగిలో చాలా రాత్రులకి సరే. కాజాలో దీన్ని నమ్ముకోకూడదు.

షూటింగుల్లో తిరిగి అమ్మకానికి వచ్చే పాత వ్యానిటీ వ్యాన్లు ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ వైపు విచారిస్తే తగులుతుంటాయి. వాటికి ఏసీ కోసం ఇన్సులేషన్ ముందే ఉంటుంది, అది లాభమే. కానీ ఏసీ చల్లదనం ఒక్కటే ఇచ్చే రకమా, రెండూ ఇచ్చేదా అని నడిపించి చూసి మరీ కొనండి. జనరేటర్ మీద నడిపే అలవాటుతో కట్టినవి కాబట్టి బ్యాటరీ చిన్నది ఉంటుంది, లేదా అసలు ఉండదు.

డీజిల్ హీటర్

జర్మన్ కంపెనీలు వెబాస్టో, ఎబర్‌స్పాచర్ వీటికి పేరు పడ్డాయి. వాటి పోలికతో వచ్చే చైనా రకాలు చాలా చవక. పని తీరు ఒక్కటే. చిన్న పెట్టెలో డీజిల్ మండుతుంది. మంటకి కావలసిన గాలి బయటినుంచి వస్తుంది, పొగ బయటికి పోతుంది. లోపలి గాలి ఆ పెట్టె బయటి రెక్కల మీదుగా వెళ్ళి వెచ్చబడి తిరిగి వస్తుంది. మంట గాలీ మనం పీల్చే గాలీ కలవవు. అందుకే ఈ వేడి పొడిగా ఉంటుంది, గోడలు తడవవు, బట్టలు ఆరతాయి.

రెండు కిలోవాట్ల హీటర్ మెల్లగా నడిస్తే గంటకి లీటరులో పదో వంతు, పూర్తిగా నడిస్తే పావు లీటరు తాగుతుంది. ఎనిమిది గంటల రాత్రికి లీటరున్నర అనుకోండి. కరెంటు వెలిగించేటప్పుడు పది ఆంపియర్ల దాకా లాగుతుంది, తర్వాత ఒకటి రెండు ఆంపియర్లే. అంటే ప్లగ్ లేకుండా, ఇంజిన్ ఆన్ చేయకుండా రోజుల తరబడి వెచ్చగా ఉండొచ్చు. మూడు నాలుగు కిలోవాట్ల అవసరం ఉన్న చోట కూడా నిలబడేది ఇదే. కానీ మన చలికి ఐదు కిలోవాట్ల రకం కొనడం పొరపాటు. ఎప్పుడూ తక్కువలో నడిచే హీటర్‌లో మసి పేరుకుని కొన్నాళ్ళకి వెలగడం మానేస్తుంది. మామూలు వ్యాన్‌కి రెండు కిలోవాట్లది చాలు. కాజా, లేహ్ వెళ్తేనే పెద్దది.

ఎత్తు దగ్గర జాగ్రత్త. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, కాజా ఇంకొంచెం పైన. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. గాలి తగ్గినా డీజిల్ అంతే పోస్తే నల్లటి పొగ, మసి, ఆఖరికి హీటర్ బంద్. ఎత్తుని బట్టి ఇంధనం తగ్గించుకునే రకం, లేదా ఆ సెట్టింగ్ ఉన్నది అడిగి తీసుకోండి. ఆ చలికి మామూలు డీజిల్ కూడా చిక్కబడి పైపులో కదలదు. మైనస్ 33 దాకా పారే శీతాకాలపు డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని అదే డీజిల్‌తో పైకి వెళ్ళకుండా, కొండలెక్కే ముందు ట్యాంకు బాగా తగ్గనిచ్చి అక్కడి డీజిల్ పోయించుకోండి.

బిగించేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పొగ గొట్టం కిటికీ కిందో తలుపు పక్కనో తెరుచుకోకూడదు. గొట్టం జాయింట్లు నేల కిందే ఉండాలి, లోపల ఒక్కటి కూడా ఉండకూడదు. ఆపేటప్పుడు స్విచ్ నొక్కి, అది తనంతట తాను చల్లారే దాకా బ్యాటరీ కరెంటు తీయకూడదు. ఇక కాగితాల విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో చేసే మార్పులకి ఆర్టీఏ అనుమతి అవసరం పడొచ్చు. ట్యాంకుకి కన్నం పెట్టే ముందే ఆ సంగతి, ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోండి.

గ్యాస్ హీటర్, కుంపటి, ఇంజిన్ హీటర్

వంటగ్యాస్ సిలిండర్ మీద బిగించి ఎర్రగా వెలిగే హీటర్ చూడ్డానికి సులువు. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. పొగ బయటికి పోయే ఏర్పాటు లేకపోతే అదంతా మీ గోడల మీదే. అది చిన్న సమస్య. మూసిన చోట ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ పర్యాటకులు చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. హోటల్ గది కన్నా క్యారవాన్ ఎంతో చిన్నది.

యూరప్ క్యారవాన్లలో ఉండే ట్రూమా లాంటి గ్యాస్ హీటర్లు వేరు, వాటి మంట మూసి ఉంటుంది, పొగ బయటికి పోతుంది. మంచివే. కానీ మన దగ్గర విడిభాగాలు, చేయి తిరిగిన మెకానిక్ దొరకడం కష్టం. పైగా మన వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ సున్నాకి కాస్త దిగువకి రాగానే ఆవిరవడం మానేస్తుంది. చలి ఎక్కువయ్యే కొద్దీ గ్యాస్ తక్కువ వస్తుంది, అంటే సరిగ్గా అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది.

బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. బయట చలి కాచుకుని, మిగిలిన నిప్పుల్ని "ఆరిపోయాయి లే" అని లోపల పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. బూడిద కింద నిప్పు రాత్రంతా ఆ విషవాయువుని వదులుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి బండి హీటర్‌తో పడుకోవడం గురించి కూడా ఇదే మాట. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచులో చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు, హీటర్లు వేసుకున్న కార్లలోకి చేరిన విషవాయువు అందులో ఒక కారణం.

ఏ హీటర్ కొన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి, తల పెట్టుకునే ఎత్తులో బిగించండి. వంటకి గ్యాస్ వాడితే గ్యాస్ లీక్ అలారం వేరే కావాలి. అది నేలకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే వంటగ్యాస్ గాలి కన్నా బరువు.

ఒక చూపులో

| ఏర్పాటు | ఎంత చలి దాకా | రాత్రి ఖర్చు | ప్లగ్ లేకుండా | లోపలి తడి |
|---|---|---|---|---|
| ఎలక్ట్రిక్ దుప్పటి, రజాయి | 8 డిగ్రీల దాకా హాయిగా | అర యూనిట్ లోపు | నడుస్తుంది | తగ్గదు |
| ఆయిల్ హీటర్ | వైరు, సాకెట్ మోసినంత | 6 నుంచి 8 యూనిట్లు | కుదరదు | కొంత తగ్గుతుంది |
| హాట్ అండ్ కోల్డ్ ఏసీ | 2, 3 డిగ్రీల దాకా | 2 నుంచి 3 యూనిట్లు | పెద్ద లిథియం ఉంటేనే | తగ్గుతుంది |
| డీజిల్ హీటర్ | మైనస్‌లో కూడా | లీటరు నుంచి లీటరున్నర, పెద్ద చలికి ఇంకా ఎక్కువ | నడుస్తుంది | బాగా తగ్గుతుంది |
| పొగ గొట్టం లేని గ్యాస్ హీటర్ | వద్దు | | | పెరుగుతుంది |

మీరు ఏ రకం?

నగరం అంచుల్లో బండి పెట్టుకుని, అందులోంచే ఆఫీసు పని చేసుకునేవాళ్ళు ఇన్సులేషన్, హాట్ అండ్ కోల్డ్ ఏసీతో ఆగిపోవచ్చు. రాత్రికి ఎలక్ట్రిక్ దుప్పటి, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఏసీ వేడి. ఆ తర్వాత ఎండ వస్తుంది, మన చలికాలం పగళ్ళు 28 డిగ్రీలు కదా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మొత్తం రెండు నెలల వ్యవహారానికి డీజిల్ హీటర్ బిగించమని నేను చెప్పను.

శని, ఆదివారాల్లో అనంతగిరికో, కుంటాలకో, అరకుకో వెళ్ళొచ్చేవాళ్ళకి ప్లగ్ మీద నమ్మకం ఉండదు. పన్నెండు వోల్టుల దుప్పట్లు, మంచి రజాయి, క్యాబిన్ తెర, ఒక హాట్ వాటర్ బ్యాగ్. చలికాలంలో టిబెటన్లు అమ్మే ఉన్ని టోపీలు, సాక్సులు వీటికి జత. ఈ మొత్తానికయ్యే ఖర్చు ఒక మంచి హీటర్ ధరలో కొంతే.

పెద్దవాళ్ళని, చిన్నపిల్లలని తీసుకెళ్ళేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు, రజాయి తన్నేస్తారు, చల్లటి గాలికి ఆయాసం, దగ్గు వస్తాయి. వాళ్ళకి పడక వేడి చాలదు, గది మొత్తం 18 డిగ్రీల పైన ఉండాలి. ప్లగ్ ఉన్న చోటే రాత్రి ఆగేలా ప్లాన్ చేసుకుంటే ఏసీనో, వెయ్యి వాట్ల ఆయిల్ హీటరో సరిపోతుంది. ప్లగ్ దొరకని చోట్లకి వాళ్ళతో తరచుగా వెళ్ళేటట్టయితే, తెలుగు రాష్ట్రాలు దాటకపోయినా డీజిల్ హీటర్ పెట్టించుకోవడంలో అర్థముంది. ఇక్కడి బండికి నేను డీజిల్ హీటర్ సమర్థించేది ఈ ఒక్క సందర్భంలోనే.

ఎన్‌హెచ్ 44 ఎక్కి ఉత్తరానికి వెళ్ళి జనవరి అంతా అక్కడే ఉండాలనుకునేవాళ్ళకి డీజిల్ హీటర్, దానికి తోడు ఎలక్ట్రిక్ దుప్పటి. రెండూ ఎందుకంటే, అర్ధరాత్రి హీటర్ ఆగిపోతే తెల్లారేదాకా బతికించేది దుప్పటే. నీళ్ళ ట్యాంకు, పైపులు బండి కింద బయటికి వేలాడుతూ ఉంటే గడ్డకట్టి పగులుతాయి, వాటిని లోపలికి మార్పించుకోండి. లిథియం బ్యాటరీని సున్నా కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు, కాబట్టి అది కూడా వేడి తగిలే చోటే ఉండాలి. తెరకి అవతల, డ్రైవర్ సీటు కింద పెట్టించిన బ్యాటరీ మనాలి దాటాక పొద్దున్నే ఛార్జ్ తీసుకోదు. సోలార్ పాడైందని అప్పుడు కంగారుపడకండి.

డల్లాస్‌లోనో టొరంటోలోనో ఆర్‌వీ అద్దెకి తీసుకుని అమ్మానాన్నల్ని తిప్పే మనవాళ్ళకి ఈ ఎంపికల బెడద లేదు. ఆ బళ్ళలో పొగ బయటికి వదిలే ప్రొపేన్ ఫర్నేస్, అంటే ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే హీటర్, ముందే ఉంటుంది. ప్రొపేన్ మైనస్ 40 దాకా ఆవిరవుతుంది కాబట్టి ఆ చలికి తట్టుకుంటుంది. దాని ఫ్యాన్ మాత్రం బ్యాటరీ మీదే నడుస్తుంది. గ్యాస్ నిండుగా ఉన్నా బ్యాటరీ అయిపోతే వేడి ఆగిపోతుంది, రాత్రికి ముందు రెండూ చూసుకోవాలి.

డీజిల్ హీటర్ పెట్టించుకున్నవాళ్ళకి చివరిగా ఒక పని. బిగించిన వెంటనే ఉత్తరాదికి బయల్దేరకుండా, అనంతగిరి గుట్ట మీద ఒక రాత్రంతా నడిపి చూడండి. పొగ, వాసన, పంపు శబ్దం, బ్యాటరీ తగ్గే తీరు అన్నీ అక్కడే తెలిసిపోతాయి, బాగుచేసేవాడు గంటన్నర దూరంలోనే ఉంటాడు. తర్వాత దాన్ని వచ్చే డిసెంబర్ దాకా మర్చిపోకూడదు. నెలకోసారి ఇరవై నిమిషాలు పూర్తి వేడిలో నడపాలి, లేకపోతే పంపులో డీజిల్ జిగురుపట్టి, మసి గట్టిపడి అవసరానికి వెలగదు. మే నెలలో ఆ పని చేస్తుంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీ వైపు వింతగా చూస్తాడు. తలుపులన్నీ తెరిచి, మీరు బయట నీడలో నిలబడండి.